గొంతు పరీక్ష లేని గాయక బృందం

చాలా తెలుగు సంఘాల్లో క్వయర్ నవంబరులో పుట్టి జనవరికల్లా కనబడకుండా పోతుంది. సెమీ క్రిస్మస్ తేదీ ఖరారు కాగానే యూత్‌లోంచి ఓ పదిమందిని పోగుచేస్తారు. ఆ ఏడాది యూట్యూబులో మారుమోగుతున్న పాటొకటి ఎంచుకుని, ట్రాక్ దింపుకుని, హడావుడిగా ప్రాక్టీసు చేస్తారు. అంతో ఇంతో పాడగలిగిన ఇద్దరు ముగ్గురి చేతికి మైకులు వెళ్తాయి. తక్కినవాళ్లు ఒకే రంగు బట్టల్లో వెనక నిలబడి పెదవులు కదుపుతారు. పండగ దాటాక వాళ్లను మళ్లీ ఎవరూ పిలవరు. "మా సంఘంలో పాడేవాళ్లు లేరండీ" అన్న మాట మాత్రం ఏడాది పొడుగునా వినబడుతూనే ఉంటుంది. ఈ మాటను కాస్త నిలదీయాలి. పాడే అలవాటు లేనివాళ్లతో గాయక బృందం పెట్టడం కుదురుతుందా? పరిశోధనలు చెప్పేదీ, సంఘ చరిత్ర చెప్పేదీ, మన కీర్తన సంప్రదాయం చెప్పేదీ ఒకటే: నిక్షేపంగా కుదురుతుంది. ఇలాంటి బృందాలు చెడేది గొంతుల వల్ల కాదు. శ్రుతి ఎంత, వేగం ఎంత, పాట ఏది అన్న మూడు విషయాల్లో పెద్దలూ కీబోర్డు దగ్గర కూర్చున్నవారూ తీసుకునే నిర్ణయాల వల్లే చెడతాయి. గొంతు పరీక్ష ఎత్తేసి, మొదటి ఏడాదంతా సంఘానికి తెలిసిన కీర్తనల్నే అందరి చేతా ఒకే బాణీలో కలిపి పాడించాలన్నది ఈ వ్యాసం వాదన. దీనికి అభ్యంతరాలున్నాయి, కొన్ని గట్టివే.

ముందు గొంతుల సంగతి. 2007లో సిమోన్ డల్లా బెల్లా, ఇసబెల్ పెరెట్జ్ తదితరులు కెనడాలో సంగీతం నేర్వని మామూలు జనం చేత, అక్కడ అందరికీ తెలిసిన పాట ఒకటి పాడించి, పలికిన స్వరాలను కొలిచి చూశారు. శిక్షణ ఉన్నవారితో పోలిస్తే వీళ్ల తప్పులు ఎక్కువే. అయితే వీళ్లు పాటను వాళ్లకన్నా చాలా వేగంగా లాగించేస్తున్నారని కూడా తేలింది. అదే పాటను నెమ్మదిగా పాడమన్నప్పుడు, ఒకరిద్దరు తప్ప అందరూ శిక్షణ ఉన్నవారి దరిదాపులకు వచ్చేశారు. పుట్టుకతోనే స్వరభేదం పట్టుకోలేని స్థితి ఒకటుంది, దాన్ని అమ్యూజియా అంటారు. అది నూటికి నలుగురిలో ఉంటుందని ఒకప్పుడు అనుకునేవారు. 2017లో వెలువడిన పెద్ద పరిశీలన ఆ అంచనాను నూటికి ఒకటిన్నరకు దించింది. అంటే రెండు వందల మంది సంఘంలో ముగ్గురు. తక్కినవాళ్లకు చెవి ఉంది. షాన్ హచిన్స్, పెరెట్జ్ 2012లో చేసిన ప్రయోగాలు ఇంకో మెట్టు ముందుకు తీసుకెళ్లాయి. గొంతుతో అందుకోలేకపోయిన స్వరాన్నే, చేత్తో జరిపే మీట మీద చాలామంది సరిగ్గా అందుకున్నారు. విన్నది బాగానే విన్నారు, విన్నదాన్ని గొంతు చేత చేయించడమే వాళ్లకు అలవాటు లేదు. అలవాటు లేనిదాన్ని అలవాటు చేయవచ్చు. పైగా యంత్రం స్వరాన్ని అందుకోవడం కన్నా మనిషి గొంతును అందుకోవడమే తేలిక. కొత్తవాళ్లకు కీబోర్డు మీద ఒక మీట నొక్కి "ఇది పట్టుకోండి" అంటే తడబడతారు, పక్కనుంచి ఒకరు మెల్లగా "ఆ" అని పలికితే పట్టేసుకుంటారు. అందులోనూ మగవాళ్లకు మగగొంతు, ఆడవాళ్లకు ఆడగొంతు వినిపిస్తే ఇంకా సులువు. స్త్రీ పలికిన స్వరాన్ని ఒక స్థాయి కిందికి మార్చుకుని పాడటమన్నది కొత్తగా వచ్చిన మగవాడికి రెండు పనులు ఒకేసారి అప్పజెప్పడమే.

సంఘ చరిత్ర చూస్తే ఈ ప్రశ్న మీద లోలకం అటూ ఇటూ ఊగుతూనే వచ్చింది. నాలుగో శతాబ్దపు లవొదికయ సభ నియమిత గాయకులు తప్ప మరొకరు మందిరంలో పాడరాదని నియమం పెట్టింది. 1524లో విట్టెన్‌బర్గ్‌లో మార్టిన్ లూథర్ ముందుమాటతో యోహాన్ వాల్టర్ కూర్చిన పాటల పుస్తకం వచ్చింది. అది బహుస్వరాల పుస్తకం, యువకుల చేత పాడించడానికే దాన్ని తెచ్చామని లూథర్ చెప్పుకున్నాడు. అటు జెనీవాలో కాల్విన్ మందిరంలో ఏకస్వరమే ఉండాలన్నాడు, 1562లో పూర్తయిన జెనీవా కీర్తనల గ్రంథాన్ని సంఘాలు ఆరాధనలో అలాగే పాడాయి. ఇంగ్లండులో 1644 నాటి వెస్ట్‌మినిస్టర్ ఆరాధనా నియమావళి, చదువురాని సంఘాల్లో ఒకరు ఒక్కో పంక్తి చదివి చెబితే తక్కినవారు పాడవచ్చని అంది. ఆ పద్ధతి అట్లాంటిక్ దాటి అమెరికాకు వెళ్లింది. తరాలు గడిచేసరికి ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్లు సాగదీయడం మొదలై, బాణీ గుర్తుపట్టలేనంతగా మారింది. దీని మీద విసుగుపుట్టి 1720ల్లో న్యూ ఇంగ్లండులో "పాటల బడులు" లేచాయి. ఊరూరా తిరిగే గురువు కొన్ని వారాలు ఉండి, రైతుల్నీ చేతిపనివాళ్లనీ సాయంత్రాలు కూర్చోబెట్టి స్వరాలు నేర్పేవాడు. ప్రవేశ పరీక్ష లేదు. విలియం బిల్లింగ్స్ 1774లో స్టౌటన్‌లో నడిపిన తరగతి అలాంటిదే. అనుభవం లేనివాళ్లతో క్వయర్ కట్టవచ్చనడానికి ఇంతకన్నా పెద్ద రుజువు అక్కర్లేదు. కానీ ఆ కథకు రెండో సగం కూడా ఉంది. బడిలో నేర్చుకున్నవాళ్లు మందిరంలో ఒకచోట కూర్చుంటామన్నారు, తర్వాత వాళ్లకు పైఅంతస్తు ఇచ్చారు, క్రమంగా పాట వాళ్ల సొత్తయి కింద కూర్చున్న సంఘం వినే జనంగా మిగిలిపోయింది. అందరికీ పాట నేర్పాలని మొదలైన పని అందరి నోటా పాట తగ్గించడంతో ముగిసింది. క్వయర్ పెట్టాలనుకునే ప్రతి సంఘమూ ఈ రెండో సగాన్ని గుర్తుపెట్టుకోవాలి, దీని సంగతి ముందు ముందు మళ్లీ వస్తుంది. కతోలికుల దగ్గరా ఇదే ఊగిసలాట. గాయక బృందం అర్చనలో భాగం కనుక అందులో స్త్రీలకు చోటు లేదని 1903లో పదో పయస్ పోపు శాసిస్తే, 1963లో రెండో వాటికన్ మహాసభ గాయక బృందాలను పెంపొందించమంటూనే, విశ్వాసులందరూ పాటలో పాలుపంచుకోవాలని గట్టిగా చెప్పింది.

ఇక మన దగ్గరికి వద్దాం. తెలుగు సంఘాలకు ఉన్న ఆస్తి ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటివారు రాసిన కీర్తనలకు ఆ పుస్తకంలో పైన రాగం, తాళం పేర్లు ఉంటాయి. వాటి పక్కనే పాశ్చాత్య బాణీల్లోకి తెచ్చిన అనువాద గీతాలూ ఉంటాయి. కీర్తన నిర్మాణమే కొత్తవాళ్లకు అనుకూలం. పల్లవి చిన్నది, పదేపదే వస్తుంది, చరణం ఒకరు ఎత్తుకుంటే పల్లవి అందరూ అందుకుంటారు. పది చరణాలు రానివాడికి కూడా పల్లవి వచ్చేస్తుంది. గ్రామాల్లో చెక్క భజన, కోలాటం బృందాలు ఇదే లెక్కన నడుస్తాయి. గురువు రాత్రిపూట నెలల తరబడి నేర్పుతాడు, ముందు నీ గొంతు వినిపించు అని ఎవరినీ అడగడు, రోజూ వచ్చేవాడికి ఎప్పటికో అప్పటికి వచ్చేస్తుంది. మన ఊళ్లలో మన కళ్లముందే నడుస్తున్న ఈ పద్ధతిని వదిలేసి, మందిరం గడప దాటగానే సొప్రానో, ఆల్టో, టెనార్, బాస్ అంటూ నాలుగు పార్టులతో మొదలుపెట్టడం ఎందుకో అర్థం కాదు.

స్వరలిపి విషయంలోనూ ఇంతే. 1841లో హల్ పట్టణంలో సమావేశమైన సండే స్కూల్ ఉపాధ్యాయులు, పిల్లలకు పాట నేర్పే తేలిక మార్గం వెతకమని జాన్ కర్వెన్ అనే యువ పాస్టరును కోరారు. ఆయనకే సంగీతం సరిగా రాదు. నార్విచ్‌లో సారా గ్లోవర్ పిల్లలకు నేర్పుతున్న పద్ధతిని తీసుకుని, మెరుగుపరిచి, టానిక్ సోల్ఫా అని ప్రచారం చేశాడు. గీతల మీది చుక్కలు అక్కర్లేదు. డో, రే, మీ అన్న అక్షరాలే, డో ఏ శ్రుతిలోనైనా ఉండొచ్చు. వేల్స్ దేశపు గుళ్లు దీన్ని తమదిగా చేసుకున్నాయి, వేల్స్ మిషనరీల చేతుల మీదుగా అది ఖాసీ కొండలకూ మిజోరంకూ చేరింది. ఈనాడు మిజోరంలో నాలుగు పార్టుల్లో పాడే పల్లె సంఘాలు ఆశ్చర్యం గొలుపుతాయంటే, దాని వెనక ఒక శతాబ్దానికి పైగా సాగిన సోల్ఫా చదువు ఉంది. ఇక్కడ తెలుగువాళ్లకు ఒక సౌకర్యం ఉంది. కర్వెన్ ఎంతో శ్రమపడి ప్రచారం చేసిన సూత్రం మన సరిగమల్లో ముందునుంచీ ఉన్నదే. షడ్జమం ఎక్కడ పెట్టుకుంటే అక్కడి నుంచే లెక్క. కాబట్టి స్టాఫ్ నొటేషన్ రాదని ఏ సంఘమూ బెంగపడనక్కర్లేదు. అయితే సంగీతం మాస్టారు దగ్గర చేసినట్టు మాయామాళవగౌళలో సరళీ స్వరాలతో మొదలుపెట్టమని మాత్రం అనను. అందులో పక్కపక్కనే ఉండే స్వరాలు అలవాటులేని చెవికి జారిపోతాయి. మోహన రాగంతో మొదలుపెట్టాలి. స రి గ ప ద, అయిదే స్వరాలు, ఎక్కడా అరమెట్టు లేదు, తప్పినా మరీ కర్ణకఠోరంగా ఉండదు. హంగరీలో జోల్తాన్ కొదాయ్ పద్ధతి కూడా పిల్లలకు అయిదు స్వరాల జానపద బాణీలతోనే పాఠం మొదలుపెడుతుంది.

అసలు చిక్కు శ్రుతి. దీని మీద కొంచెం నిలబడాలి, ఎందుకంటే "గొంతు లేదు" అని వెనక్కి పంపినవాళ్లలో చాలామందికి లేనిది శ్రుతి మాత్రమే. శిక్షణ లేని ఆడగొంతు హాయిగా పలికే మేర సుమారుగా కీబోర్డు మీద మధ్య సి కింది ఎ నుంచి, పై స్థాయిలోని సి, డి దాకా. మగగొంతు మేర దాదాపు అంతే, ఒక స్థాయి కింద. అంటే పది పదకొండు స్వరాల దూరం. పాట ఈ గీతల మధ్య ఇమడాలి. మనవాళ్లు సాధారణంగా చేసేదేమంటే ముందు పాడే ఒకరి శ్రుతిని అందరి నెత్తినా పెట్టడం, లేదా ట్రాక్ ఏ శ్రుతిలో ఉంటే ఆ శ్రుతిలో పాడటం. ఆ ట్రాక్ ఎవరో ఒక గాయని గొంతు కొలతకు కుట్టిన చొక్కా, అది పాతికమందికి ఎలా సరిపోతుంది? చూడాల్సింది షడ్జమం ఎక్కడుందన్నది కాదు, పాటలో అన్నిటికన్నా కింది స్వరమేది, పై స్వరమేది అన్నది. మంద్ర పంచమం నుంచి తార షడ్జమం దాకా నడిచే కీర్తన ఉందనుకోండి. రెండు శ్రుతిలో, అంటే డి లో పాడితే కింద ఎ, పైన డి. అందరికీ అందుతుంది. అదే రెండు శ్రుతిలో, మధ్య షడ్జమం నుంచి తార గాంధారం దాకా పోయే పాట పాడితే పైన ఎఫ్ షార్ప్ ఎక్కాలి. సగంమంది గొంతు చించుకుంటారు, సగంమంది నోరు మూసుకుంటారు. దాన్నే ఆరు శ్రుతికి, అంటే కింది ఎ కి దించితే ఎ నుంచి సి షార్ప్ దాకా ఇమిడిపోతుంది. కీబోర్డు మీద ట్రాన్స్‌పోజ్ బటన్ అయిదుసార్లు నొక్కితే అయిపోయే పనికి మనుషుల్ని పనికిరానివాళ్లుగా తేల్చేస్తున్నాం. గొంతు మారే వయసులో ఉన్న పన్నెండు, పదిహేనేళ్ల అబ్బాయిలకు ఈ మేర ఇంకా చిన్నది. వాళ్లను మధ్య స్వరాలు మాత్రం పాడమని, పైవి వదిలేయమని ముందే చెబితే సిగ్గుపడి మానేయరు.

ఇప్పుడు అభ్యంతరాలు. మొదటిది భక్తికి సంబంధించింది: దేవునికి శ్రేష్ఠమైనదే అర్పించాలి కదా, రానివాళ్లను నిలబెట్టడం ఆరాధనను తేలిక చేయడం కాదా? దీన్ని చెప్పేవాళ్లు దినవృత్తాంతముల మొదటి గ్రంథాన్ని చూపిస్తారు. కెనన్యా ప్రవీణుడు గనుకనే పాట నేర్పే బాధ్యత అతనికి ఇచ్చారనీ, దావీదు నియమించిన గాయకులు 288 మందీ ఆరితేరినవారనీ అందులో ఉంది. నిజమే. కానీ అదే గ్రంథం ఇరవై అయిదో అధ్యాయంలో వంతులు వేసేటప్పుడు చిన్నవాడనీ పెద్దవాడనీ, గురువనీ శిష్యుడనీ భేదం లేకుండా చీట్లు వేశారని కూడా ఉంది. అంటే ఆ ప్రావీణ్యం పుట్టుకతో రాలేదు, నేర్చుకుంటున్నవాళ్లు నేర్పేవాళ్ల పక్కనే నిలబడ్డారు. శ్రేష్ఠత కావాలంటే దాన్ని నేర్పే చోటు సంఘంలో ఉండాలి, తయారై వచ్చినవాళ్లనే తీసుకుంటామంటే ఆ తయారు చేసే పని ఎవరిది?

రెండో అభ్యంతరం సంగీతం తెలిసినవాళ్లది, నాకు ఎక్కువ గౌరవం ఉన్నదీ దీని మీదే. పార్టులు లేనిది క్వయర్ ఎలా అవుతుంది, అందరూ ఒకే బాణీ పాడితే అది సంఘం పాడినట్టే కదా, యువకులకు విసుగు పుట్టదా అంటారు. లూథర్ యువకుల చేత బహుస్వరాలే పాడించాడు కదా అని కూడా అడగవచ్చు. అయితే ఆ యువకులు బడి పిల్లలు, బడిలో సంగీతం వాళ్లకు రోజువారీ పాఠం. మన సంఘంలో వారానికి ఒకసారి కలిసే ఆటో డ్రైవరుకూ టీచరమ్మకూ ఆ వెసులుబాటు లేదు. పక్కవాడు వేరే బాణీ పాడుతుంటే తన బాణీ నిలబెట్టుకోవడం, తన బాణీనే ఇంకా నమ్మకంగా పాడలేనివాడికి పెద్ద శిక్ష. కొత్తవాళ్లతో పార్టులు మొదలెడితే జరిగేది అందరికీ తెలిసిందే: ఆల్టోలు రెండో వరుసకల్లా సొప్రానోలో కలిసిపోతారు, టెనార్లో ఒక్కడే మిగులుతాడు. మంచి ఏకస్వరం అంత తేలికైనదేమీ కాదు. పాతికమంది ఒక్క అచ్చును ఒకే ఆకారంలో పలకడం, ఒకేచోట ఊపిరి తీసుకోవడం, ఒకేసారి ఆపడం ఏడాది పని. అది కుదిరాక మెట్లు చాలానే ఉన్నాయి. మగవాళ్లు స, ప పట్టుకుని నిలబడితే ఆడవాళ్లు కీర్తన పాడవచ్చు, మన చెవికి తంబురా అలవాటే కనుక అది పరాయిగా అనిపించదు. రాగానికీ హాని జరగదు. ఇక్కడో మాట చెప్పాలి, తోడి లాంటి రాగంలో ఉన్న కీర్తనకు పాశ్చాత్య కార్డులు తగిలించడం నాకు సమ్మతం కాదు, అది ఆ కీర్తననూ కార్డునూ రెండింటినీ పాడుచేస్తుంది. పార్టులు నేర్పడానికి అనువాద గీతాలున్నాయి, వాటి బాణీలు అందుకే పుట్టాయి. రెండో ఏడాది ఒక బృందం వెనక మరో బృందం అదే బాణీ అందుకునే పాటలు, ఆ తర్వాత రెండు పార్టులు. నాలుగు పార్టుల తొందర అక్కర్లేదు.

మూడోది అందరూ లోలోపల అనుకునేది: నిజంగానే స్వరం అందని ఒకరిద్దరు ఉంటే వాళ్లు మొత్తం పాటను కిందికి లాగరా? నలుగురైదుగురే ఉంటే లాగుతారు. పన్నెండు, పదిహేను మంది దాటాక, అటూ ఇటూ గట్టిగా నిలబడే గొంతులు పెట్టి మధ్యలో ఉంచితే లాగరు, పైగా చెవి పక్కనే సరైన స్వరం వినబడుతుంది కనుక నెలలు గడిచేకొద్దీ దగ్గరికి వస్తారు. అసలు ప్రమాదం మైకు. కొత్త బృందం ముందు మైకులు పెట్టి, డ్రమ్ ప్యాడ్ చప్పుడు పెంచితే ఎవరి గొంతు వాళ్లకు వినబడదు. చుట్టూ చప్పుడు పెరిగితే మనిషి తెలియకుండానే గొంతు పెంచుతాడని ఫ్రెంచి వైద్యుడు లోంబార్డ్ వందేళ్ల క్రితమే గమనించాడు. గొంతు పెంచినవాడు శ్రుతీ తప్పుతాడు. చిన్న మందిరంలో పాతికమంది కలిసి పాడితే మైకు ఎందుకు? "మీరు పాడకండి, పెదవులు కదపండి చాలు" అన్న సలహా ఇంకా ఘోరం. ఆ మాట విన్న మనిషి మళ్లీ జీవితంలో నోరు విప్పకపోవచ్చు.

ఇక పాటల బడుల కథలో చూసిన ఆ ముప్పు: క్వయర్ వస్తే సంఘం నోరు మూతపడుతుందన్నది. ఇది ఊహ కాదు, చరిత్రలో జరిగింది. అందుకే క్వయర్ పని విడిగా ఒక "స్పెషల్ సాంగ్" పాడటం కాకూడదు, ఆ ఆదివారం సంఘం పాడే కీర్తనను సంఘం బాగా పాడేలా చేయడం కావాలి. వేదిక మీద కాకుండా ముందు వరుసల్లో కూర్చుని పాడటం దానికి మంచి ఏర్పాటు. ఇందులో సంఘానికి మరో లాభం ఉంది. 2015లో ఐలునెడ్ పియర్స్, రాబిన్ డన్‌బార్ తదితరులు ఇంగ్లండులో వయోజనుల తరగతులను ఏడు నెలలు పరిశీలించారు. పాటల తరగతికి వచ్చినవాళ్లు చేతిపనులు, రచన తరగతులకు వచ్చినవాళ్లకన్నా త్వరగా ఒకరికొకరు దగ్గరయ్యారు. చివరికి అన్ని తరగతులవాళ్లూ సమానంగానే దగ్గరయ్యారు, కానీ ఆ మొదటి ముడి వేయడంలో పాటదే పైచేయి. కొత్తగా బదిలీ మీద వచ్చిన కుటుంబం, పెళ్లయి ఈ ఊరు వచ్చిన కోడలు సంఘంలో కలిసిపోవడానికి ఇంతకన్నా దగ్గరి దారి ఉండదు. బృందాన్ని యూత్‌తోనే నింపడం కూడా తప్పే. ఇంటర్ అయ్యాక వాళ్లు హైదరాబాదుకో బెంగళూరుకో వెళ్తారు, క్వయర్ కూడా వాళ్లతో పాటే వెళ్లిపోతుంది. స్త్రీల మైత్రిలోని నలభై, యాభై ఏళ్లవాళ్లే దీనికి వెన్నెముక. కీర్తనలు వాళ్లకే కంఠస్థం, ఊళ్లో ఉండేదీ వాళ్లే.

కాబట్టి సంఘ పెద్దలకు చెప్పేది ఇదే. ఈ క్రిస్మస్‌కు క్వయర్ కావాలని నవంబరులో పరుగెత్తకండి. ఈస్టర్ దాటిన ఆదివారం ప్రకటన చేయండి. వయసు అడగం, గొంతు పరీక్ష పెట్టం, వారానికి ఒక గంట వేళకు వస్తే చాలని చెప్పండి. సంఘానికి ఇప్పటికే వచ్చిన నాలుగు కీర్తనలు ఎంచుకోండి, ఒక్కోదాని కింది స్వరం, పై స్వరం చూసి శ్రుతి దించండి, మామూలుగా పాడేదానికన్నా నెమ్మదిగా పాడించండి. డిసెంబరు వచ్చేసరికి ఆ నాలుగూ సంఘమంతా నిండుగా పాడుతుంటే, ఆ ఏడాదికి అంతే చాలు.